కెనడా చదువు ఫీజు క్రెడిట్: ఇప్పుడే వాడాలా, ఇంట్లోవాళ్లకు ఇవ్వాలా, వచ్చే ఏళ్లకు ఉంచుకోవాలా?

కెనడాకు చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు మొదటి ట్యాక్స్ రిటర్న్ వేసిన కొన్నాళ్లకు సీఆర్‌ఏ, అంటే కెనడా రెవెన్యూ ఏజెన్సీ, నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్, అంటే మీ పన్ను లెక్క తేల్చిన కాగితం, పంపుతుంది. అందులో ఒకచోట వాడకుండా మిగిలిన ఫెడరల్ ట్యూషన్ మొత్తం అని 15,000 డాలర్లో 20,000 డాలర్లో రాసి ఉంటుంది. ఇక్కడ ట్యూషన్ అంటే కాలేజీ ఫీజు, ఫెడరల్ అంటే కేంద్ర ప్రభుత్వానిది. కట్టిన ఫీజును బట్టి పన్నులో వచ్చే తగ్గింపునే ట్యూషన్ క్రెడిట్ అంటారు. ఆ అంకె చూసి సంబరపడనివాళ్లు ఉండరు. ఊళ్లో నాన్న పొలం తాకట్టు పెట్టి కట్టిన ఫీజు ఎక్కడికీ పోలేదు, ప్రభుత్వం దగ్గర భద్రంగా ఉంది అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

నేను ఒంటారియోలో ఒక కాలేజీలో పీజీ డిప్లొమా చేశాను. మావారు ఓపెన్ వర్క్ పర్మిట్ (ఏ యజమాని దగ్గరైనా పనిచేసే అనుమతి) మీద వచ్చి గోడౌన్‌లో పనిచేసేవారు. 2023 సంవత్సరానికి మా ఇద్దరి రిటర్న్‌లూ ఒక ట్యాక్స్ ఆఫీసులో వేయించుకున్నాం. అక్కడివాళ్లు నా ఫీజు మొత్తాన్నీ క్యారీ ఫార్వర్డ్‌లో, అంటే తర్వాతి ఏళ్లకు మిగిల్చే లెక్కలో, పడేశారు. అందులో 5,000 డాలర్లను మావారి పేరు మీదకు మార్చవచ్చని, మారిస్తే ఆ ఏడాదే 750 డాలర్లు చేతికి వచ్చేవని మాకెవరూ చెప్పలేదు. అద్దెకు తడుముకుంటున్న రోజులవి. క్రెడిట్ పోలేదు, నిజమే. కానీ దాని ఆఖరి భాగం నా 2025 రిటర్న్‌లోగానీ తీరలేదు, అప్పటికి దాని విలువ కూడా కొంచెం తగ్గింది. ఎందుకు తగ్గిందో కింద చెప్తాను. మన తెలుగు జంటలు ఇంకెవరూ ఇలా నష్టపోకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ అంకె విలువ ఎంత?

ముందు ఒక అపోహ తీసేద్దాం. 20,000 డాలర్ల ట్యూషన్ మిగిలి ఉందంటే 20,000 డాలర్లు వస్తాయని కాదు. ఆ మొత్తాన్ని ఫెడరల్ కనిష్ఠ పన్ను రేటుతో గుణిస్తే వచ్చేదే మీకు తగ్గే పన్ను. 2024 వరకు ఆ రేటు 15 శాతం. 2025 జూలై 1 నుంచి దాన్ని 14 శాతానికి తగ్గించారు. ఏడాది మధ్యలో మారింది కాబట్టి 2025 రిటర్న్‌లకు 14.5 శాతం, 2026 నుంచి 14 శాతం. అంటే 20,000 డాలర్ల ట్యూషన్ 2024లో వాడితే 3,000 డాలర్లు, 2025లో 2,900, 2026లో 2,800. ఫీజు కట్టిన ఏడాదిలో ఉన్న రేటు లెక్కలోకి రాదు, వాడిన ఏడాది రేటే లెక్క.

రెండో సంగతి, ఇది రీఫండబుల్ క్రెడిట్ కాదు. మీరు కట్టాల్సిన పన్నును సున్నా దాకా తగ్గిస్తుంది, అంతకు మించి చేతికి డబ్బు ఇవ్వదు. పన్నే లేని ఏడాదిలో అది ఊరికే ఉంటుంది. ఫెడరల్ క్రెడిట్‌కు గడువు లేదు, ఎన్నేళ్లయినా ముందుకు వెళ్తుంది. ఈ ఒక్క మాట విని చాలామంది నిశ్చింతగా ఉండిపోతారు. గడువు లేదు, వడ్డీ కూడా లేదు. పదేళ్లు దాచినా 20,000 అంకె 20,000గానే ఉంటుంది, ఈలోగా అద్దెలూ కూరగాయల ధరలూ ఎక్కడికి వెళ్తాయో మనకు తెలుసు.

ఇదంతా పన్ను విషయంలో కెనడా రెసిడెంట్‌గా లెక్కకు వచ్చేవాళ్ల సంగతి. ఇక్కడ ఇల్లు అద్దెకు తీసుకుని, బ్యాంకు ఖాతా, హెల్త్ కార్డు, తోడుగా వచ్చిన భార్యో భర్తో ఉన్న విద్యార్థులు సాధారణంగా అందులోకే వస్తారు. స్టడీ పర్మిట్ మీద ఉన్నాం కదా, మాకు వర్తించదేమో అని రిటర్న్ వేయకుండా వదిలేయకండి.

మూడు దారులున్నాయి, మూడూ మన ఇష్టం కాదు

ఫీజును మీ పన్ను మీద వాడుకోవచ్చు, ఇంట్లోవాళ్లకు బదిలీ చేయవచ్చు, తర్వాతి ఏళ్లకు తీసుకెళ్లవచ్చు. వినడానికి మూడింట్లో నచ్చింది ఎంచుకోవచ్చు అన్నట్టుంటుంది గానీ చట్టం ఒక వరుస పెట్టింది. ఆ ఏడాది మీకు పన్ను పడితే మీ ట్యూషన్ ముందు దానికే వాడాలి. ఈసారి పన్ను కట్టేస్తాను, జీతం పెరిగాక ట్యూషన్ వాడుకుంటాను అంటే కుదరదు. పాత ఏళ్లది మిగిలి ఉంటే ముందు అది ఖర్చవుతుంది, తర్వాతే ఈ ఏడాది ఫీజు. మీ పన్ను సున్నా అయ్యాక ఈ ఏడాది ఫీజులో ఇంకా మిగిలితే, అప్పుడు ఆ మిగిలినదాన్ని బదిలీ చేయాలా, దాచాలా అనే ప్రశ్న వస్తుంది. నిజమైన ఎంపిక అక్కడొక్కచోటే ఉంది.

బదిలీకి రెండు హద్దులు. ఏడాదికి 5,000 డాలర్లే, అందులోంచి ఈ ఏడాది ఫీజులో మీరు సొంతానికి వాడుకున్నది తీసేయాలి. రెండోది ఇంకా ముఖ్యం: ఒకసారి క్యారీ ఫార్వర్డ్‌లోకి వెళ్లిన మొత్తాన్ని ఇక ఎవరికీ ఇవ్వలేరు, అది మీ ఒక్కరిదే. అందుకే ఏ ఏటి బదిలీ అవకాశం ఆ ఏటి రిటర్న్‌లోనే చూసుకోవాలి.

భార్యాభర్తలైతే

మన జంటల్లో ఎక్కువగా కనిపించే లెక్క ఇది. ఒకరు చదువు, ఒకరు ఉద్యోగం. చదివేవాళ్లు వారానికి 24 గంటల దాకా పార్ట్ టైమ్ చేసుకోవచ్చు. 2025లో చదివే అమ్మాయి 18,000 డాలర్లు సంపాదించిందనుకోండి, ఫీజు 17,500 కట్టింది. ప్రతి ఒక్కరికీ ఇచ్చే బేసిక్ పర్సనల్ అమౌంట్ 16,129, ఉద్యోగం చేసేవాళ్లకు ఇచ్చే మొత్తం 1,471, వీటికి తోడు జీతంలో కోసే సీపీపీ (పెన్షన్), ఈఐ (ఉద్యోగ బీమా) మొత్తాల మీద వచ్చేవి. ఇవన్నీ కలిపితే 18,600 దాటుతుంది. అంటే ట్యూషన్ ముట్టుకోకుండానే ఆమె ఫెడరల్ పన్ను సున్నా. 17,500 మొత్తం మిగిలింది. ఇందులో 5,000 భర్తకు ఇస్తే అతని పన్ను 725 డాలర్లు తగ్గుతుంది. మిగిలిన 12,500 ఆమె పేరు మీద ముందుకు వెళ్తుంది.

అదే అమ్మాయి వేసవి సెలవుల్లో ఫుల్ టైమ్ పనిచేసి 23,000 సంపాదిస్తే లెక్క మారుతుంది. ఆమె పన్ను సున్నా కావడానికే దాదాపు 3,900 డాలర్ల ట్యూషన్ ఖర్చవుతుంది. బదిలీకి మిగిలేది 1,100 చిల్లర. దీనికి బాధపడాల్సింది లేదు, క్రెడిట్ ఇంట్లోనే వాడుకున్నారు. కానీ భర్త రిటర్న్‌లో అలవాటుగా 5,000 వేసేస్తే సీఆర్‌ఏ దాన్ని తగ్గించి బాకీ నోటీసు పంపుతుంది. ఇద్దరి రిటర్న్‌లూ పక్కపక్కన పెట్టుకుని, ముందు చదివినవాళ్లది పూర్తి చేసి, తర్వాత రెండోవాళ్లది వేయండి.

చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. భర్తకు జీతం ఎక్కువ, పై స్లాబులో ఉన్నాడు, అతనికిస్తే ఎక్కువ లాభమా? కాదు. ఈ క్రెడిట్ అందరికీ ఒకే రేటు. గంటకు 18 డాలర్ల పనివాడికిచ్చినా, లక్షన్నర జీతగాడికిచ్చినా 5,000 మీద 2025లో 725 డాలర్లే. అతని స్లాబు ఎంతన్నది అనవసరం, అతనికి ఈ ఏడాది ఫెడరల్ పన్ను కనీసం అంత పడుతోందా అన్నదొక్కటే చూడాలి. 42,000 డాలర్ల జీతానికి ఫెడరల్ పన్ను 3,000 పైచిలుకు ఉంటుంది కాబట్టి మామూలు ఉద్యోగికి ఇబ్బంది లేదు.

అందుకే నా సలహా మొహమాటం లేకుండా చెప్తాను: తోడుగా ఉన్నవాళ్లకు పన్ను పడుతుంటే, చదువు సాగుతున్న ప్రతి ఏడూ ఇవ్వగలిగినంతా బదిలీ చేయండి. దాచుకుంటే ఒక్క డాలరు కూడా పెరగదు. రేటు 15 నుంచి 14కు దిగిన ఈ రెండేళ్లలో దాచినవాళ్లకు తగ్గింది కూడా. చదువయ్యాక కెనడాలోనే ఉంటామో లేదో తెలియని వాళ్లకైతే ఇది మరీ అవసరం. ఇక్కడ పన్ను కట్టే ఉద్యోగం లేకుండా ఇండియా వెళ్లిపోతే ఆ మిగిలిన అంకె కాగితం మీద అలాగే ఉంటుంది, మీకు ఏ విధంగానూ అక్కరకు రాదు.

బదిలీ చేయకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. తీసుకునేవాళ్లు తమ పన్నుకు సరిపోయినంతే వాడగలరు, మిగిలింది వాళ్లు దాచుకోలేరు, అది వృథా. భర్త కూడా ఇక్కడే చదివి అతనికే సొంత ట్యూషన్ బోలెడు మిగిలి ఉంటే, లేదా అతను డిసెంబరులోనే ఉద్యోగంలో చేరి ఆ ఏడాది పన్నే పడకపోతే, అతనికి ఇచ్చి లాభం లేదు. అప్పుడు మీ పేరు మీదే ఉంచుకోండి. కాపురంలో కలతలుండి విడిగా ఉంటున్నవాళ్లు కూడా తొందరపడి ఇచ్చేయకూడదు. ఫీజు కట్టింది మీ పుట్టింటివాళ్లు, క్రెడిట్ మీది, ఇవ్వాలా వద్దా అని నిర్ణయించే హక్కు పూర్తిగా మీది.

ఒక మాట చెప్పాలి, 2025 జనవరి 21 నుంచి విద్యార్థుల జీవిత భాగస్వాములకు ఓపెన్ వర్క్ పర్మిట్ ఇవ్వడం బాగా తగ్గించారు. 16 నెలలు, అంతకు మించిన మాస్టర్స్, డాక్టరేట్, కొన్ని వృత్తి కోర్సుల వాళ్లకే ఇస్తున్నారు. కాలేజీ డిప్లొమాలకు కొత్తగా వచ్చేవాళ్లలో ఈ బదిలీ అవకాశం ఉన్న జంటలు తక్కువే ఉంటారు. పాత పర్మిట్లు ఉన్నవాళ్లు, పీఆర్ (శాశ్వత నివాసం) వచ్చినవాళ్లు మాత్రం తప్పకుండా చూసుకోవాలి.

అమ్మానాన్నలకు ఇవ్వవచ్చా?

కెనడాలో స్థిరపడిన కుటుంబాల పిల్లలు ఇక్కడి యూనివర్సిటీలో చేరితే అదే 5,000 అమ్మకో నాన్నకో తాతకో నానమ్మకో ఇవ్వవచ్చు. పెళ్లయినవాళ్లు అత్తగారికో మామగారికో కూడా ఇవ్వవచ్చు, ఇది చాలామందికి తెలియదు. అయితే ఒక ఏడాదికి ఒక్కరికే ఇవ్వాలి, పైగా మీ భార్య లేదా భర్త మీ పేరు మీద స్పౌస్ అమౌంట్ (ఆదాయం తక్కువున్న జీవిత భాగస్వామి కోసం ఇచ్చే క్రెడిట్) తీసుకుని ఉండకూడదు. అన్నకు, అక్కకు, మీరు ఉంటున్న ఇంటి బాబాయికి, పిన్నికి ఇవ్వడానికి లేదు, ఫీజు వాళ్లే కట్టినా సరే.

ఇండియాలో ఉన్న తల్లిదండ్రులకు ఇవ్వడం అర్థం లేని పని. వాళ్లు కెనడాకు పన్ను కట్టరు కాబట్టి తగ్గడానికి అక్కడ ఏమీ లేదు.

ఒంటరిగా చదువుకుంటున్నవాళ్లకు

మీకు క్యారీ ఫార్వర్డ్ తప్ప వేరే దారి లేదు, అది చెడ్డ దారి ఏమీ కాదు. రెండేళ్ల చదువులో ఏటా 17,000 చొప్పున 34,000 డాలర్లు పోగైందనుకోండి. చదువయ్యాక 2025లో మిస్సిసాగాలో 60,000 జీతానికి చేరారు. ట్యూషన్ లేకపోతే మీ ఫెడరల్ పన్ను సుమారు 5,640 డాలర్లు. ఆ 34,000 మీద 14.5 శాతం అంటే 4,930. పన్ను 700 చిల్లరకు దిగుతుంది. జీతంలో నెలనెలా కోసిన ఫెడరల్ పన్నులో చాలా భాగం రిటర్న్ వేశాక తిరిగి వస్తుంది. మొదటి ఏడాదే మొత్తం అయిపోయిందే అని దిగులు పడకండి, అదే మంచిది.

ఈ డబ్బు కోసం తర్వాతి ఏప్రిల్ దాకా ఆగలేనివాళ్లు టీ1213 అనే ఫారం పెట్టి, జీతంలో పన్ను తక్కువ కోయమని సీఆర్‌ఏను ముందే అడగవచ్చు. వాళ్లు ఒప్పుకుంటూ ఇచ్చిన ఉత్తరాన్ని ఆఫీసులో ఇవ్వాలి. ఊళ్లో అప్పు మీద వడ్డీ నడుస్తుంటే ఈ శ్రమ పడటం మేలు.

వాయిదా వేయాల్సింది ఆర్‌ఆర్‌ఎస్‌పీని

ఉద్యోగంలో చేరగానే ఎవరో ఒకరు రిటైర్మెంట్ పొదుపు ఖాతా అయిన ఆర్‌ఆర్‌ఎస్‌పీలో వేయమంటారు, ఇల్లు కొనుక్కోవడానికి ఎఫ్‌హెచ్‌ఎస్‌ఏ తెరవమంటారు. రెండూ మంచివే. పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, డబ్బు వేసిన ఏడాదే, వేసిన మొత్తానికి ఆదాయంలోంచి వచ్చే తగ్గింపును కూడా వాడేసుకోవాలని తొందరపడతారు.

ట్యూషన్‌ను వాయిదా వేసే వీలు మనకు లేదు, పన్ను ఉంటే వాడి తీరాలి. ఆర్‌ఆర్‌ఎస్‌పీ, ఎఫ్‌హెచ్‌ఎస్‌ఏ తగ్గింపులను మాత్రం మనకు కావాల్సిన ఏడాదికి వాయిదా వేసుకోవచ్చు. వేసిన డబ్బును ఆ ఏడాది రిటర్న్‌కు జతచేసే షెడ్యూల్ 7 అనే ఫారం మీద, ఎఫ్‌హెచ్‌ఎస్‌ఏ అయితే షెడ్యూల్ 15 మీద చూపించి, తగ్గింపును తర్వాతి ఏళ్లకు ఉంచుకోవచ్చు. ఎఫ్‌హెచ్‌ఎస్‌ఏలో ఏటా 8,000, జీవితకాలానికి 40,000 డాలర్ల పరిమితి. ఖాతా తెరిచిన నాటి నుంచే ఆ హక్కు మొదలవుతుంది కాబట్టి ఖాతా ముందే తెరవండి.

ట్యూషన్ విలువ 14 శాతమే. ఆర్‌ఆర్‌ఎస్‌పీ తగ్గింపు విలువ మీ పై స్లాబును బట్టి మారుతుంది: ఫెడరల్‌లో రెండో స్లాబుకు 20.5 శాతం, ఆపైన 26. ట్యూషన్ ఎలాగూ పన్నును దాదాపు తుడిచేస్తున్న ఏడాదిలో ఆర్‌ఆర్‌ఎస్‌పీ కూడా వాడేస్తే, ఎక్కువ విలువైనదాన్ని తక్కువ విలువకు అమ్ముకున్నట్టే. జీతం 80,000, 90,000 అయ్యాక వాడితే దాని పూర్తి ఫలితం దక్కుతుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది, చిన్నపిల్లలున్న ఇళ్లు దీన్ని తప్పకుండా గమనించాలి. ట్యూషన్ క్రెడిట్ మీ నెట్ ఇన్‌కమ్‌ను తగ్గించదు, ఆర్‌ఆర్‌ఎస్‌పీ తగ్గిస్తుంది. పిల్లల కోసం నెలనెలా వచ్చే కెనడా చైల్డ్ బెనిఫిట్‌నూ, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు వచ్చే జీఎస్టీ క్రెడిట్‌నూ ఆ నెట్ ఇన్‌కమ్ చూసే లెక్కకడతారు. పర్మిట్ మీద ఉన్నవాళ్లకు కూడా 18 నెలలు ఇక్కడ ఉండి, 19వ నెలలో పర్మిట్ చెల్లుబాటులో ఉంటే చైల్డ్ బెనిఫిట్ అర్హత వస్తుంది. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఆర్‌ఆర్‌ఎస్‌పీని ఇప్పుడే వాడితే బెనిఫిట్ పెరిగి, వాయిదా వేసినదానికన్నా ఎక్కువ లాభం రావచ్చు. సాఫ్ట్‌వేర్‌లో రెండు విధాలా వేసి చూడండి, పది నిమిషాల పని. ఒంటారియోవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి, ఆర్‌ఆర్‌ఎస్‌పీ ప్రావిన్స్ (రాష్ట్ర) పన్నును కూడా తగ్గిస్తుంది, ఇప్పటి ట్యూషన్ ఆ పని చేయదు.

ప్రావిన్స్‌ను బట్టి తేడా

ఇప్పటిదాకా చెప్పింది ఫెడరల్ లెక్క. ప్రావిన్స్‌ది వేరు. ఒంటారియో 2017 సెప్టెంబరు నుంచి తన ట్యూషన్ క్రెడిట్‌ను ఎత్తేసింది. అల్బెర్టాలో 2020 నుంచి లేదు. సస్కాచెవాన్‌లో 2017 జూలై 1 నుంచి లేదు. బ్రిటిష్ కొలంబియా, మానిటోబా, నోవా స్కోషియాలలో ఇంకా ఉంది. న్యూ బ్రన్స్‌విక్ ఒకసారి తీసేసి మళ్లీ తెచ్చింది. క్యూబెక్‌ది 8 శాతం, దానికి వేరే రిటర్న్, వేరే ఫారం.

మానిటోబాలో రేటు 10.8 శాతం. విన్నిపెగ్‌లో చదివే జంట 5,000 బదిలీ చేస్తే 2025లో ఫెడరల్ 725కు తోడు ప్రావిన్స్ నుంచి 540, మొత్తం 1,265 డాలర్లు. ఇక్కడే మనవాళ్లకు పెద్ద దెబ్బ తగిలే చోటు ఉంది. విన్నిపెగ్‌లోనో హాలిఫాక్స్‌లోనో చదివి, ఉద్యోగం కోసం టొరొంటో వచ్చేస్తారు. డిసెంబరు 31న ఏ ప్రావిన్స్‌లో ఉంటే ఆ ప్రావిన్స్ పన్నే పడుతుంది. బయటి ప్రావిన్స్ నుంచి 2017 తర్వాత వచ్చినవాళ్ల పాత ట్యూషన్‌ను ఒంటారియో ఒప్పుకోదు. ఫెడరల్ భాగం మీ వెంట వస్తుంది, ప్రావిన్స్ భాగం ఒంటారియోలో పనికిరాదు. మానిటోబాలో ఉండగా బదిలీ చేయగలిగినది అక్కడే చేసేయడం ఇందుకే మేలు. అక్టోబరులో ఆఫర్ వచ్చి, జనవరిలో చేరినా పర్వాలేదంటే, డిసెంబరు 31 విన్నిపెగ్‌లోనే గడిపితే ఆ ఏడాదికైనా ప్రావిన్స్ క్రెడిట్ దక్కుతుంది. ఒక్క పన్ను కోసమే ఉద్యోగం ఆపుకోమని అనను. రెండూ కుదిరేటట్టుంటే మాత్రం ఆలోచించండి.

ఇండియా వైపు ఏం చేయాలి

ఫీజు నాన్న పంపినా, బ్యాంకు లోనుతో కట్టినా కెనడాలో క్రెడిట్ చదివిన పిల్లలదే. కానీ ఆ లోను వడ్డీకి ఇక్కడ క్రెడిట్ లేదు. కెనడా స్టూడెంట్ లోన్ పథకాల కింద తీసుకున్నవాటికే వడ్డీ క్రెడిట్ ఇస్తారు, దాన్ని ఐదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లనిస్తారు. హైదరాబాదులోనో విజయవాడలోనో బ్యాంకులో తీసుకున్న ఎడ్యుకేషన్ లోను అందులోకి రాదు. దాని వడ్డీకి ఇండియాలో పన్ను తగ్గింపు ఉంది (1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 80ఈ సెక్షన్): లోను తీసుకుని వడ్డీ కడుతున్న నాన్న, పాత పన్ను విధానంలో ఉంటే, ఎనిమిదేళ్ల పాటు తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో అది లేదు. ఆ ఏడాది వాడని వడ్డీని తర్వాతి ఏడాదికి తీసుకెళ్లడానికీ లేదు.

నాన్న సొంత డబ్బు పంపినప్పుడు బ్యాంకు టీసీఎస్, అంటే విదేశాలకు పంపే డబ్బు మీద ముందస్తు పన్ను, పట్టుకుంటుంది. 2025-26 ఆర్థిక సంవత్సరంలో పది లక్షలు దాటిన మొత్తం మీద చదువుకైతే 5 శాతం. పదహారు లక్షలు పంపితే 30,000 రూపాయలు. గుర్తింపు ఉన్న సంస్థలో తీసుకున్న చదువు లోనుతో పంపితే టీసీఎస్ లేదు. ఈ 30,000 నాన్నగారి పేరు మీద పట్టుకున్న పన్నులు చూపే ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తుంది, ఆయన ఆ ఏడాది రిటర్న్‌లోనే చూపించుకోవాలి. ఆయన పన్నుకన్నా ఎక్కువైతే తిరిగి ఖాతాలో పడుతుంది. కెనడా ట్యూషన్ లాగా ఏళ్ల తరబడి ముందుకు తీసుకెళ్లే పద్ధతి కాదిది. మా ఊళ్లో చాలామంది పెద్దవాళ్లు, వ్యవసాయ ఆదాయమే కదా, రిటర్న్ ఎందుకు అని ఆ డబ్బు వదిలేస్తున్నారు. దయచేసి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఇది అడగండి.

అమెరికా నుంచి ఇక్కడికి మారినవాళ్లకు ఒక మాట: అక్కడి చదువు క్రెడిట్లు, అమెరికన్ ఆపర్చునిటీ, లైఫ్‌టైమ్ లెర్నింగ్, తర్వాతి ఏడాదికి వెళ్లవు. ఆ అలవాటుతో ఇక్కడ కూడా పోయిందనుకోకండి.

రిటర్న్ వేసేటప్పుడు

కాలేజీ ఇచ్చే టీ2202 ఫారం మూలం. ఫిబ్రవరి చివరికల్లా కాలేజీ పోర్టల్‌లో పెడతారు, చాలాచోట్ల పోస్టులో రాదు, మనమే దించుకోవాలి. అందులో ఉన్న మొత్తమే లెక్క. పుస్తకాలు, హాస్టల్, బస్ పాస్, హెల్త్ ఇన్సూరెన్స్, కన్సల్టెన్సీకి ఇచ్చింది, వీసా కోసం కెనడా బ్యాంకులో పెట్టిన జీఐసీ డిపాజిట్, ఇవేవీ ట్యూషన్ కిందికి రావు. ఫీజు ఎప్పుడు కట్టారన్నది కాదు, ఏ ఏటి క్లాసులకన్నది చూడాలి. జనవరి సెమిస్టరుకు డిసెంబరులోనే కట్టినా అది జనవరి ఉన్న ఏడాదిదే.

టీ2202 చేతిలో ఉంటే సరిపోదు, ట్యూషన్ లెక్క రాసే షెడ్యూల్ 11 నింపి రిటర్న్‌తో పంపాలి. ఆదాయం లేని ఏడాది కూడా పంపాలి. పంపకపోతే ఆ ఫీజు మీ క్యారీ ఫార్వర్డ్‌లో చేరదు, నోటీసులో అంకె పెరగదు. రెండేళ్ల తర్వాత గుర్తొచ్చి రెండేళ్ల ఫీజూ కలిపి ఈ ఏడాది రిటర్న్‌లో వేస్తే ఒప్పుకోరు. ఏ ఏటిది ఆ ఏటి రిటర్న్‌లోనే చేర్చాలి. పాత రిటర్న్‌లను పదేళ్ల వెనక దాకా సవరించమని అడగవచ్చు, సీఆర్‌ఏ వెబ్‌సైట్‌లోని మై అకౌంట్‌లో చేంజ్ మై రిటర్న్ అనే చోట చేసుకోవచ్చు. భయపడాల్సిన పనేం కాదు, టీ2202 కాపీ మాత్రం దగ్గర పెట్టుకోండి.

మీ సొంతానికి వాడింది 32300 లైన్‌లో కనిపిస్తుంది. భార్యాభర్తల మధ్య బదిలీ తీసుకునేవాళ్ల రిటర్న్‌లో 32600లో, తల్లిదండ్రులకు ఇస్తే 32400లో. మీ కోసం వేరేవాళ్లు రిటర్న్ వేస్తున్నా, పంపే ముందు పీడీఎఫ్ అడిగి ఈ మూడు లైన్లు, షెడ్యూల్ 11 చూడండి. 2023లో ఆ కాగితం ఒక్కసారి తిప్పి చూసి ఉంటే మావారి రిటర్న్‌లో 32600 ఖాళీగా ఉందని నాకప్పుడే తెలిసేది.

ఏప్రిల్ 30 గడువు. కొత్త నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్ రాగానే అందులోని మిగులు అంకెను మీ షెడ్యూల్ 11 చివర ఉన్న అంకెతో పోల్చుకోండి. రెండూ కలవకపోతే అదే వారం మై అకౌంట్ తెరవండి. మీ కాలేజీ ఇంకా మూతపడకముందే, పోర్టల్ పాస్‌వర్డ్ పనిచేస్తుండగానే, పాత టీ2202లన్నీ దించుకుని ఇంటికి కూడా ఒక కాపీ మెయిల్ చేసి ఉంచండి.